ఫిర్యాదు వచ్చిందని హెచ్‌ఆర్ రాజీనామా అడిగితే ఏం చేయాలి?

"రాజీనామా ఇవ్వమంటున్నారు, ఇవ్వనా వద్దా?" అని నెలకు నలుగురైదుగురు అడుగుతారు. వాళ్లలో సగంమంది అప్పటికే సంతకం పెట్టేసి ఉంటారు. నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాను. అవతలి కుర్చీలో కూర్చుని ఇదే మాట చాలామందితో అన్నాను కాబట్టి, ఆ గదిలో ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను.

ఇది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఉద్యోగం చేసేవాళ్ల కోసం. ప్రభుత్వ ఉద్యోగులకు క్రమశిక్షణ నియమాలు వేరు, ఇది వాళ్లకు పనికిరాదు.

ముందుగా ఒక్క సంగతి. కంపెనీ మిమ్మల్ని తీసేయాలంటే ఫిర్యాదు ఏమిటో చెప్పాలి, ఎంక్వైరీ జరపాలి, సాక్ష్యం చూపాలి, తీసేస్తున్నామని కాగితం మీద రాయాలి. ఆ కాగితం మీద మీరు కోర్టుకు వెళ్లొచ్చు. మీరే రాజీనామా ఇస్తే ఈ పనులేవీ వాళ్లు చేయనక్కర్లేదు. వాళ్లు రాజీనామా అడగడానికి అసలు కారణం ఇదే. "మీ మంచి కోసమే" అనే మాటలో కొంత నిజం ఉండొచ్చు, కానీ అది మొదటి కారణం కాదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఆఫర్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్ (నోటీసు పీరియడ్ ఎంత, టెర్మినేషన్ గురించి ఏం రాశారు అన్నది ఇందులోనే ఉంటుంది)
- చివరి ఆరు నెలల పే స్లిప్పులు, ఫారం 16
- అప్రైజల్ లెటర్లు, ఇంక్రిమెంట్ లెటర్లు
- యూఏఎన్ నంబరు (మీ పీఎఫ్ ఖాతా గుర్తింపు నంబరు). ఈపీఎఫ్ఓలో మీ మొబైల్ నంబరు సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోండి.
- ఫిర్యాదుకు సంబంధించి మీకు వచ్చిన మెయిల్, నోటీసు, మీటింగ్ ఇన్వైట్ ఏదైనా
- ఒక నోటు పుస్తకం, పెన్ను

జాగ్రత్త: మీ పే స్లిప్పు మీది. క్లయింటు ఫైళ్లు, కోడ్, ఇతరుల మెయిళ్లు కంపెనీవి. భయంలో మెయిల్ బాక్స్ మొత్తాన్ని సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకున్నవాళ్లను చూశాను. అసలు ఫిర్యాదు నిలబడలేదు కానీ, డేటా బయటికి పంపారన్న రెండో ఆరోపణ మీదే ఉద్యోగం పోయింది.

1. ఆ గదిలో సంతకం పెట్టకండి

మీటింగ్ ఇన్వైట్‌లో "క్యాచ్ అప్" అని ఉంటుంది. లోపలికి వెళితే ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉంటారు. బల్ల మీద టిష్యూ డబ్బా, నీళ్ల సీసా, తెరిచిపెట్టిన ల్యాప్‌టాప్. ఫిర్యాదు వచ్చిందంటారు, ఎవరిచ్చారో చెప్పరు. "ఎంక్వైరీ దాకా వెళ్తే టెర్మినేషనే, ఇంకెక్కడా ఉద్యోగం రాదు. అరగంట టైమ్ ఇస్తున్నాం" అంటారు. కొన్నిచోట్ల రాజీనామా మెయిల్ ముందే టైప్ చేసి ఉంటుంది, మీరు సెండ్ నొక్కితే చాలు.

ఈ మూడు వాక్యాలు గుర్తుపెట్టుకోండి. కోపం లేకుండా, ఇవే మళ్లీ మళ్లీ చెప్పండి.

"ఫిర్యాదు కాపీ ఇవ్వండి, చదివి జవాబిస్తాను."
"ఇప్పుడే నిర్ణయం చెప్పలేను, టైమ్ కావాలి."
"ఎంక్వైరీకి పూర్తిగా సహకరిస్తాను."

అంతకుమించి వివరణ ఇవ్వకండి. "ఆ రోజు నేను సరదాకి అన్నాను" అని ఆ గదిలో నోరు జారితే, రేపు అదే ఒప్పుకోలు అవుతుంది. తలుపు వేసి ఉంచితే "నేను వెళ్లొచ్చా?" అని అడగండి. మిమ్మల్ని అక్కడ ఆపి ఉంచే హక్కు ఎవరికీ లేదు. ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ అడిగితే ఇచ్చేయండి, కానీ ఇచ్చినట్టు రసీదు గానీ మెయిల్ గానీ తీసుకోండి. ఏదైనా కాగితం అందుకున్నట్టు సంతకం పెట్టక తప్పకపోతే, దాని పైన "అందింది, విషయాన్ని అంగీకరించడం లేదు" అని రాసి, తేదీ, టైమ్ వేయండి.

2. గంటలోపు అంతా రాసుకోండి

బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేయాలనిపిస్తుంది. చేయండి. కానీ ఆ వెంటనే ఒక చోట కూర్చుని, గదిలో ఎవరెవరు ఉన్నారు, ఎన్ని గంటలకు మొదలైంది, ఎవరు ఏ మాట అన్నారు అన్నది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. రెండు రోజుల తర్వాత రాసినదానికి ఈ విలువ ఉండదు.

ఫోన్‌లో రికార్డు చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. మీరు పాల్గొన్న సంభాషణను మీరు రికార్డు చేసుకోవడం నేరమని నేరుగా చెప్పే చట్టం లేదు. కానీ చాలా కంపెనీల పాలసీల్లో నిషేధం ఉంటుంది, దాన్నే మరో దుష్ప్రవర్తనగా, అంటే మిస్‌కాండక్ట్‌గా చూపొచ్చు. నా సలహా: రికార్డింగు కంటే అదే రోజు పంపిన మెయిల్ మీదే ఎక్కువ ఆధారపడండి. రికార్డింగు ఇప్పటికే ఉంటే ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. కోర్టులో అసలు పరికరం గురించి ధ్రువపత్రం ఇవ్వాల్సి వస్తుంది.

3. అదే రోజు ఒక మెయిల్ పంపండి

ఈ మొత్తంలో అన్నింటికంటే ముఖ్యమైన పని ఇదే. ఇంగ్లీషులోనే పంపండి, భావం మాత్రం ఇది:

"ఈ రోజు మధ్యాహ్నం 3 గంటలకు జరిగిన మీటింగులో నా మీద ఫిర్యాదు ఉందని చెప్పి, రాజీనామా చేయమని అడిగారు. ఫిర్యాదు కాపీ ఇవ్వలేదు. నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు. ఆరోపణలు రాతపూర్వకంగా ఇస్తే జవాబు ఇస్తాను, ఎంక్వైరీకి సహకరిస్తాను. అప్పటివరకు ఎప్పటిలాగే డ్యూటీకి వస్తాను."

అంతే. తిట్లు వద్దు, కన్నీళ్లు వద్దు, "నా పిల్లల ఫీజులు" అన్న మాట కూడా వద్దు. హెచ్‌ఆర్ హెడ్‌కూ మీ మేనేజర్‌కూ పంపి, సొంత మెయిల్‌ను సీసీలో పెట్టండి. ఆఫీసు మెయిల్ అప్పటికే బ్లాక్ చేసి ఉంటే సొంత మెయిల్ నుంచి పంపండి, అదే ప్రింటు తీసి స్పీడ్ పోస్టులో కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు కూడా వేయండి. ట్రాకింగ్ పేజీలో "డెలివర్డ్" అని వచ్చాక స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

మర్నాడు డ్యూటీకి వెళ్లండి. గేటు దగ్గర ఆపేస్తే "వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని అక్కడి నుంచే ఇంకో మెయిల్ కొట్టండి. ఈ ఒక్కటి చేయకపోతే వారం తర్వాత "చెప్పకుండా మానేశారు" అని అబ్‌స్కాండింగ్ నోటీసు వస్తుంది.

4. ఫిర్యాదు ఏ రకమో తేల్చుకోండి

లైంగిక వేధింపుల ఫిర్యాదు అయితే 2013 నాటి పాష్ చట్టం వర్తిస్తుంది. పది మంది, అంతకుమించి ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, విచారణ ఆ కమిటీయే చేయాలి. హెచ్‌ఆర్ మేనేజర్ ఒక్కరే గదిలో తేల్చేసే వ్యవహారం కాదిది. ఫిర్యాదు కాపీ 7 పనిదినాల్లో మీకు పంపాలి. అందాక 10 పనిదినాల్లో మీ జవాబు, పత్రాలు, సాక్షుల పేర్లు ఇవ్వాలి. కమిటీ ముందుకు లాయర్‌ను తీసుకెళ్లడానికి వీల్లేదు, కానీ జవాబు రాసేటప్పుడు లాయర్ సలహా తీసుకోవచ్చు. సరైన కారణం లేకుండా వరుసగా మూడు విచారణలకు రాకపోతే, 15 రోజుల ముందస్తు నోటీసు ఇచ్చి మీరు లేకుండానే తేల్చేయొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఆ తర్వాత 10 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. దానిమీద అప్పీలుకు 90 రోజుల గడువు ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫిర్యాదు చేసిన ఆమెకు ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టకండి, ఉమ్మడి స్నేహితులతో రాయబారం పంపకండి. "సారీ చెప్పేసి సర్దుకుందాం" అనుకున్నా సరే. ఫిర్యాదు చేయడం ఆమె హక్కు. మీ మెసేజ్ ఆమెకు బెదిరింపుగా అనిపిస్తుంది, కమిటీకీ అలాగే కనిపిస్తుంది. ఫిర్యాదు వివరాలు, ఎవరి పేర్లు అయినా బయటపెట్టడం కూడా చట్టవిరుద్ధమే. కాబట్టి లింక్డ్‌ఇన్‌లో, ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాయకండి. ఇంకో సంగతి, రాజీనామా చేస్తే ఈ విచారణ ఆగిపోతుందని నమ్మకండి, మీరు వెళ్లిపోయాక కూడా కొనసాగించొచ్చు.

బిల్లుల్లో తప్పుడు లెక్కలు, గొడవ, రెండో ఉద్యోగం, డేటా లీక్ లాంటివైతే మామూలు క్రమశిక్షణ విచారణ. షోకాజ్ నోటీసు (సంజాయిషీ అడిగే కాగితం), మీ జవాబు, ఛార్జిషీటు, ఎంక్వైరీ, రిపోర్టు, ఈ వరుసలో జరగాలి. ఎంక్వైరీ పూర్తయ్యేదాకా సస్పెండ్ చేయొచ్చు. మీరు చట్టం ప్రకారం కార్మికుల కిందకు వచ్చి (5వ అంచె చూడండి), సంస్థలో 300 మంది, అంతకుమించి కార్మికులు ఉంటే సస్పెన్షన్‌లో మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం మీ వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం ఇవ్వాలి.

5. చట్టం దృష్టిలో మీరెవరో చూసుకోండి

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సాంకేతిక, క్లరికల్, ఆపరేషన్స్ పనులు చేసేవాళ్లంతా కార్మికులే. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్లు, నెలకు 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లు ఆ లెక్కలోకి రారు. కార్డు మీద "మేనేజర్" అని ఉన్నంత మాత్రాన భయపడకండి. మీరు నిజంగా ఎవరికైనా సెలవు మంజూరు చేస్తారా, ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకోగలరా అన్నదే చూస్తారు. కార్మికులైతే లేబర్ అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లు దాటితే ఆయన రాజీ ప్రక్రియ నడపలేరు. హైదరాబాద్‌లో కార్మిక శాఖ కమిషనర్ కార్యాలయం ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది.

రెండు రాష్ట్రాల్లోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కూడా ఉంది. దాని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. మిస్‌కాండక్ట్ పేరుతో నోటీసు లేకుండా తీసేయాలంటే విచారణ జరిపి సాక్ష్యం నమోదు చేయాలి. అప్పీలు దారి 48వ సెక్షన్‌లో ఉంది.

లాయర్ ఫీజు భారమనుకుంటే ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు, కార్మికులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకు ఒక ముక్క. ఉద్యోగం ఆగాక అక్కడ ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులే దొరుకుతాయి, కాబట్టి చివరి పనిదినం ఏ తేదీ అన్నది ఖాయం చేసుకోండి. వీసా గడువుకు ముందే కంపెనీ తీసేస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు కంపెనీ భరించాలి. మీ అంతట మీరు రాజీనామా చేస్తే ఆ బాధ్యత దానికి ఉండదు.

6. ఇప్పుడు నిర్ణయించుకోండి

రాజీనామా ఎప్పుడూ తప్పే అని నేను అనను. జరిగింది నిజమై, ఆధారాలు బలంగా ఉంటే, విచారణలో టెర్మినేషన్ ఖాయమనిపిస్తే, నిబంధనలు మాట్లాడుకుని బయటపడటం మంచిది. చేతిలో ఇంకో ఆఫర్ ఉన్నా, నిద్ర పట్టక ఒళ్లు చెడుతున్నా అంతే. కానీ ఇంట్లో కూర్చుని, ఒకరిద్దరితో మాట్లాడి, రెండు రాత్రులు గడిచాక ఆ నిర్ణయానికి రండి. ఆరోపణ అబద్ధమైతే, ముఖ్యంగా డబ్బుకు గానీ లైంగిక వేధింపులకు గానీ సంబంధించినదైతే, నా ఓటు విచారణకే. రాజీనామా చేసినా ఫైల్లో "ఫిర్యాదు పెండింగులో ఉండగా వెళ్లారు" అని రాసుకునే కంపెనీలు ఉన్నాయి.

7. వెళ్లాలనుకుంటే, ముందు ఇవి రాతలో తీసుకోండి

రాజీనామా మెయిల్ ఆఖరున పంపాలి. దానికంటే ముందు కంపెనీ నుంచి ఈ విషయాలు మెయిల్‌లో రావాలి:

- నోటీసు పీరియడ్ జీతం పూర్తిగా ఇస్తారా, ఎంత
- రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఏ తేదీకి ఇస్తారు, అందులో ఏం రాస్తారు (డ్రాఫ్టు చూపించమని అడగండి)
- బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు అడిగితే ఏం చెబుతారు. "మళ్లీ తీసుకుంటారా" అనే గడిలో ఏం రాస్తారన్నది చాలామంది అడగడం మర్చిపోతారు. తర్వాతి ఉద్యోగం పోయేది సరిగ్గా అక్కడే.
- మిగిలిన సెలవుల డబ్బు, బోనస్, గ్రాట్యుటీ
- జాయినింగ్ బోనస్ తిరిగి కట్టమంటారా

కారణం దగ్గర "వ్యక్తిగత కారణాలు" అని రాయమంటారు. వీలైతే "తేదీ ఫలానా నాటి చర్చల ప్రకారం" అని రాయండి. ఒప్పుకోకపోతే కారణం రాయకుండా వదిలేయండి. "ఇకపై కంపెనీ మీద ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న వాక్యం ఉన్న కాగితం మీద డబ్బు ఖాతాలో పడకముందు సంతకం పెట్టకండి.

ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే

మా పెదనాన్నగారి అబ్బాయి ఒక సాయంత్రం రాయదుర్గం మెట్రో మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాడు. "అన్నా, సంతకం పెట్టేశా." కాగితం ఫొటో పంపమన్నాను. దానిమీద తేదీ రెండు రోజుల ముందుది. అంటే ఫిర్యాదు సంగతి వాడికి చెప్పకముందే కాగితం సిద్ధమైంది. వాడు అది గమనించనేలేదు. ఆ రాత్రే మెయిల్ రాయించాను: ఒత్తిడి పెట్టి సంతకం తీసుకున్నారు, కాగితం మీద తేదీ తప్పు, రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాను, రేపు డ్యూటీకి వస్తాను అని. అప్పటికి కంపెనీ నుంచి ఆమోదం మెయిల్ రాలేదు. మర్నాడు వాళ్లే పిలిచి మాట్లాడారు. చివరకు వాడు అక్కడ ఉండలేదు కానీ, రెండు నెలల జీతం, శుభ్రమైన రిలీవింగ్ లెటర్ తీసుకుని వచ్చాడు.

మీరూ అదే చేయండి, గంటల్లో చేయండి. ఆమోదం రాకముందు వెనక్కి తీసుకున్న రాజీనామాకు బలం ఎక్కువ. ఆమోదం వచ్చేశాక కూడా, బలవంతంగా తీసుకున్న సమ్మతి చెల్లదని వాదించొచ్చు. కానీ అప్పుడు బలవంతం జరిగిందని నిరూపించే బరువు మీ మీద పడుతుంది. నెల రోజులు ఊరుకుని, ఫైనల్ సెటిల్‌మెంట్ డబ్బు తీసుకుని ఆపైన "బలవంతం" అంటే నమ్మేవాళ్లు తక్కువ.

ఫిర్యాదు చేసినవారే మీరైతే

ఇదీ జరుగుతుంది, తక్కువేమీ కాదు. "మీకే ఇబ్బంది, మీరే వేరే చోట చూసుకోండి" అంటారు. మీరు వెళ్లాల్సిన పని లేదు. పాష్ కేసైతే విచారణ జరిగేటప్పుడు మీకు గానీ అవతలి వ్యక్తికి గానీ బదిలీ, లేదా మీకు మూడు నెలల వరకు సెలవు కావాలని కమిటీని రాతపూర్వకంగా అడగొచ్చు. ఆ సెలవు మీ మామూలు సెలవుల్లోంచి తీయరు. ఫిర్యాదు యజమాని మీదే అయితే, లేదా సంస్థలో పది మంది కంటే తక్కువ ఉంటే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లండి. 181 మహిళా హెల్ప్‌లైన్ కూడా దారి చూపిస్తుంది. మిమ్మల్ని రాజీనామా అడిగినా పైన 1, 2, 3 అంచెలు అలాగే పాటించండి.

ఎక్కువగా జరిగే తప్పులు

వాట్సాప్ చాట్‌లు డిలీట్ చేయడం. మీకు అనుకూలమైన మెసేజ్ కూడా అందులోనే ఉంటుంది. అవతలివాళ్ల ఫోన్‌లో మాత్రం చాట్ అలాగే ఉండిపోతుంది.

తోటి ఉద్యోగులతో "నా తరఫున చెప్పండి" అని సంతకాలు సేకరించడం. సాక్షుల పేర్లు విచారణలో ఇవ్వండి, ముందే వాళ్లతో కథ కూర్చుకుంటే వాళ్లూ ఇరుక్కుంటారు.

షోకాజ్ నోటీసుకు కోపంతో ఎనిమిది పేజీల జవాబు రాయడం. ఒక్కో ఆరోపణకు ఒక్కో పేరా, తేదీ, ఆధారం. గడువు చాలకపోతే గడువు ముగియకముందే పొడిగింపు అడగండి.

అన్నీ సరిగ్గా జరిగాయో లేదో చూసుకోండి

- జీతం బకాయి: వేతనాల కోడ్ ప్రకారం తీసేసినా, రాజీనామా చేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. "45 రోజులు మా పాలసీ" అంటే ఈ నియమాన్ని చూపించి మెయిల్ పెట్టండి.
- గ్రాట్యుటీ: ఐదేళ్లు నిండితే వస్తుంది. చివరి నెల వేతనాన్ని 15తో, సర్వీసు ఏళ్లతో గుణించి 26తో భాగించండి. 40,000 వేతనం, 6 ఏళ్ల 7 నెలల సర్వీసు అయితే ఆరు నెలలు దాటింది కాబట్టి ఏడేళ్లుగా లెక్క, 1,61,538 రూపాయలు రావాలి. రాజీనామా చేశారన్న సాకుతో దాన్ని ఆపలేరు. 30 రోజుల్లో చెల్లించాలి.
- రిలీవింగ్ లెటర్: చేరిన తేదీ, చివరి పనిదినం, హోదా మూడూ అపాయింట్‌మెంట్ లెటర్‌తో, చివరి పే స్లిప్పుతో సరిపోవాలి. "టెర్మినేటెడ్", "అబ్‌స్కాండెడ్" అన్న మాట ఎక్కడా ఉండకూడదు.
- ఈపీఎఫ్ఓ: పాస్‌బుక్‌లో చివరి నెల జమ పడిందా, సర్వీస్ హిస్టరీలో వైదొలిగిన తేదీ లెటర్‌లో ఉన్న తేదీయేనా చూడండి. తేడా ఉంటే కొత్త కంపెనీలో చేరేటప్పుడు ఇబ్బంది వస్తుంది.
- పన్ను: సెటిల్‌మెంట్‌లో కోసిన టీడీఎస్ ఆదాయపు పన్ను శాఖ సైటులో ఉండే మీ పన్ను జమల పత్రం 26ఏఎస్‌లో కనబడుతోందా చూడండి.
- రెండు నెలల తర్వాత, కొత్త ఉద్యోగానికి అప్లై చేసేముందు, పాత హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి మీ ఉద్యోగ వివరాలు ధ్రువీకరించమని అడగండి. వచ్చిన జవాబులోని మాటలు మీరు 7వ అంచెలో రాయించుకున్నవాటితో సరిపోలకపోతే, పాత మెయిల్ జతచేసి అదే రోజు సరిచేయించండి.